బొటనవేలు ఊకొడుతుందా?

మా మడకశిరలో ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి మనిషి ఒకరు బెంగళూరులో ఉంటారు. కొడుకో, కూతురో, అల్లుడో, మరిదో. వాన నమ్మకం లేని నేల మాది. శెనక్కాయ పంట చేతికొచ్చిన ఏడు వచ్చినట్టు, రాని ఏడు రానట్టు. అందుకని పిల్లలు ఎప్పట్నుంచో బస్సెక్కి పోతూనే ఉన్నారు. పోయినవాళ్ళ బాగోగులు ఒకప్పుడు కార్డు ముక్క మీద వచ్చేవి. తర్వాత ఎస్టీడీ బూతులో వినిపించేవి. ఇప్పుడు చేతిలోని సెల్లులోనే వాట్సాప్‌లో వస్తున్నాయి. దారి దగ్గరైంది కానీ వచ్చే మాట మాత్రం రానురాను చిన్నదైపోయింది. "తిన్నావా నాయనా?" అని ఇక్కణ్ణుంచి పోతే అక్కణ్ణుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వస్తుంది. లేదంటే ఒక్కటే ఒక్క ఇంగ్లీషు అక్షరం, 'కె'. ఓకే అన్న రెండక్షరాల్లో కూడా ఒకటి కోసేసి పంపుతారన్నమాట.

ఈ సంగతి మీద ఆడవాళ్ళం నలుగురం కూర్చుంటే రెండు రకాల మాటలు వినబడతాయి. భాష చెడిపోయింది, పిల్లలకు మర్యాద లేకుండా పోయింది అనేది ఒకటి. కాలం మారింది, మనమే సర్దుకోవాల అనేది రెండోది. నాకు ఈ రెండూ పూర్తిగా ఒప్పుదలగా లేవు. పొట్టిగా రాయడంలో తప్పేమీ లేదు. కానీ పొట్టి మాట వల్ల మిగిలే సమయం రాసేవాళ్ళది, ఖర్చయ్యే సమయం చదివేవాళ్ళది. అది సరదా కబురైతే పరవాలేదు. మనసుకో, డబ్బుకో, ఒంటికో సంబంధించిన కబురైతే ఆ ఖర్చు పెద్దది. ఇంట్లో దాన్ని ఎక్కువగా మోసేది ఆడవాళ్ళే, అందులోనూ పెద్దవయసు ఆడవాళ్ళు. నా అభిప్రాయం ఇది. ఎందుకో చెబుతాను.

ముందు భాష చెడిపోయిందనే మాట చూద్దాం. మన పెద్దలు పొట్టిగా రాయలేదా? పాత ఉత్తరాల కట్ట ఎవరింట్లోనైనా ఉంటే విప్పి చూడండి. మొదటి వరుసలోనే 'మ.రా.రా.శ్రీ' అని ఉంటుంది. మహారాజ రాజశ్రీ అన్నదానికి పొట్టి రూపం. పెళ్ళి పత్రికల్లో 'చి.' అంటే చిరంజీవి. 'చి.ల.సౌ.' అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పోయినవాళ్ళ పేరు ముందు 'కీ.శే.'. ఇవన్నీ ఏమిటి? ఈ కాలం పిల్లలు పుట్టినరోజుకు పంపే 'హెచ్‌బీడీ'కి తాతలే కదా!

బొమ్మలు కూడా ఉండేవి. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పూయకుండా ఎవరైనా పంచుతారా? చదువు రాని మనిషి చేతిలో పెట్టినా ఆ పసుపు చూడగానే మంచి కబురు అని తెలిసిపోతుంది. చావు కబురు మోసుకొచ్చిన కార్డును చదివి అక్కడే చింపి పారేసేవాళ్ళు, ఇంట్లోకి తెచ్చుకునేవాళ్ళు కాదు. కాబట్టి గుర్తుతో కబురు చెప్పడం ఈ కాలం పిల్లలు కనిపెట్టిన విద్య కాదు.

అయితే ఆ పాత పొట్టి మాటలన్నీ ముద్దుగా ఉండేవని కూడా అనుకోవద్దు. ఆడవాళ్ళం మనం ఒక దాన్ని మరిచిపోకూడదు. 'గం.భా.స.' గంగా భాగీరథీ సమానురాలు అని దాని పూర్తి రూపం. వినడానికి ఎంత గొప్పగా ఉందో! మొగుడు పోయిన ఆడమనిషి పేరు ముందు పెట్టే మాట అది. నిన్నటిదాకా సౌభాగ్యవతి అని రాసిన చేతులే మర్నాటినుంచి ఈ మూడక్షరాలు రాసేవి. కవరు మీద కనబడితే పోస్టు తెచ్చిన మనిషికీ, పక్కింటి వాళ్ళకూ కూడా ఆమె సంగతి తెలిసిపోయేది. మగవాడికి భార్య పోతే అతని పేరు ముందు అట్లాంటి మూడక్షరాలు ఏవీ చేరలేదు. పొట్టి మాటను కనిపెట్టేవాళ్ళు ఒకరు, మోసేవాళ్ళు ఇంకొకరు కావడం సెల్లుతో మొదలు కాలేదని చెప్పడానికే ఇది గుర్తు చేశాను.

ఇంక పొట్టిగా రాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? డబ్బు వల్ల. టెలిగ్రాముకు మాటకింత అని లెక్క. 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అన్న నాలుగు ముక్కలు ఎన్ని ఇళ్ళలో ఎందరి గుండెలు జారేట్టు చేశాయో మా అమ్మ తరం వాళ్ళను అడగండి. పండగలకూ పెళ్ళిళ్ళకూ తయారు వాక్యాలుండేవి, ఒక్కో వాక్యానికి ఒక అంకె. ఆ అంకె చెబితే చాలు, అవతలి ఊళ్ళో పూర్తి శుభాకాంక్షలు అచ్చయి చేరేవి. నూట యాభై ఏళ్ళకు పైగా నడిచిన ఆ టెలిగ్రాము 2013 జూలై 14 రాత్రితో మన దేశంలో ఆగిపోయింది.

టెలిగ్రాము పోయేలోపే సెల్లులో సందేశం వచ్చింది. మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో పంపారు. నీల్ పాప్‌వర్త్ అనే కుర్ర ఇంజనీరు కంప్యూటరు మీద 'మెర్రీ క్రిస్మస్' అని కొట్టి ఇంకొకాయన ఫోనుకు పంపాడు. ఒక సందేశంలో 160 అక్షరాలే పట్టాలన్న హద్దు అంతకు ముందే పెట్టారు. 1985 ప్రాంతంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మనీ ఇంజనీరు తన టైపు మిషను ముందు కూర్చుని తోచిన వాక్యాలు కొట్టి లెక్కపెట్టాడట. జనం పోస్టుకార్డుల మీద ఎంత రాస్తున్నారో కూడా చూశాడట. 160 చాలు అని తేల్చాడు.

ఆయన లెక్క ఇంగ్లీషుకు సరిపోయింది. మనకు సరిపోలేదు. తెలుగు లిపిలో రాస్తే అదే సందేశంలో 70 మాత్రమే పడతాయి. అందులోనూ మన గుణింతాలు, ఒత్తులు దేనికది విడిగా లెక్కకు వస్తాయి. 'అమ్మా క్షేమంగా చేరాను' అని రాస్తే మన కంటికి ఎనిమిది అక్షరాలు. యంత్రానికి, నడుమ ఖాళీలతో కలిపి, 21. ఒక్కో సందేశానికి డబ్బులు పోయే రోజుల్లో ఇంకెవరు తెలుగులో రాస్తారు? పైగా అప్పటి చాలా ఫోన్లలో తెలుగు కనబడేదే కాదు, పెట్టెలు పెట్టెలుగా వచ్చేది. దాంతో పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టారు. అందులోనూ అచ్చులు తీసేసి, అంకెలు కలిపేసి.

ఇక్కడే మన ఇళ్ళలో ఒక వింత జరిగింది. తెలుగు చక్కగా చదవగలిగిన తల్లి, తన కొడుకు తెలుగులోనే రాసిన కబురును చదవలేని మనిషి అయిపోయింది. మాట తనదే, అక్షరం తనది కాదు. పక్కింటి పిల్లను పిలిచి "ఏమని రాసినాడో చూడు తల్లీ" అని అడగాల్సి వచ్చింది. కొడుకు తన ఒక్కదానికే రాసిన మాట ముందు పక్కింటి పిల్లకు తెలిసి, తర్వాత తనకు తెలిసేది. అప్పట్లో మిస్డ్ కాలే నయం. ఒకసారి మోగి ఆగితే చేరినట్టు, రెండుసార్లు మోగితే మనం చేయాలన్నట్టు. పైసా ఖర్చు లేదు, చదువుతో పని లేదు. ఇద్దరూ ముందే అనుకున్న గుర్తు కాబట్టి పొరపాటుకూ చోటు లేదు.

ఇప్పుడు అక్షరానికి లెక్క లేదు. వాట్సాప్‌లో పేజీ నిండా రాసినా అదే డేటా ప్యాకు. తెలుగు కీబోర్డు ప్రతి ఫోనులోనూ ఉంది. వేలు నొక్కి పట్టుకుంటే గొంతు పోతుంది. అయినా మాట పొట్టిగానే మిగిలిపోయింది. అంటే ఇప్పుడు మిగుల్చుకునేది డబ్బు కాదు, తీరిక. మరీ నిక్కచ్చిగా చెప్పాలంటే మనసు పెట్టే శ్రమ.

బొమ్మల సంగతికి వస్తే, వాటి పుట్టుక మంచి ఉద్దేశంతోనే జరిగింది. 1982 సెప్టెంబరు 19న అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ల బోర్డు మీద స్కాట్ ఫాల్మన్ అనే అధ్యాపకుడు ఒక సలహా ఇచ్చాడు. తమాషాకు రాసిన మాటను కొందరు నిజమనుకుని పోట్లాటకు దిగుతున్నారు కాబట్టి, తమాషా మాట పక్కన రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ పెట్టమన్నాడు. తల పక్కకు వంచి చూస్తే నవ్వు మొహం. అంటే అపార్థం రాకుండా చూడటానికి పుట్టిన గుర్తు అది. మాట బదులు పెట్టమని ఆయన చెప్పలేదు, మాట పక్కన పెట్టమన్నాడు.

1999లో జపానులో షిగెటాకా కురిటా అనే ఆయన ఒక ఫోను కంపెనీ కోసం 176 చిన్న బొమ్మలు గీశాడు. ఎమోజీ అన్న మాట కూడా జపాను వాళ్ళదే. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. బొమ్మక్షరం అన్నమాట. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు ఆ ఏటి మాటగా కన్నీళ్ళొచ్చేట్టు నవ్వే మొహం బొమ్మను ఎంచారు. మన చీర, దీపం, ఆటో, గుడి బొమ్మలు 2019లో ఆ జాబితాలో చేరాయి. అంతవరకూ ఫోనులో గౌనుంది, చీర లేదు. చేరినందుకు నాకు సంతోషమే.

మా ప్రాంతానికి ఈ బొమ్మక్షరాలు చేసిన మేలు ఇంకొకటుంది. మడకశిర చుట్టుపక్కల రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ వైపు కన్నడం ఇంటిభాష అయిన కుటుంబాలు చాలా. కన్నడ మీడియం సర్కారు బడులు కూడా ఉన్నాయి. పక్కనే పావగడ, శిర, మధుగిరి. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ కలుస్తూనే ఉంటాయి. మా ఇంట్లోనే చూడండి. మా అత్త చదవగలిగేది కన్నడం. నాకు తెలుగు తప్ప కన్నడ అక్షరం రాదు, మాట మాత్రం వస్తుంది. పిల్లలకు రెండూ అంతంతమాత్రం, ఇంగ్లీషులోనే ఈదుతుంటారు. ఒకే ఇంట్లో మూడు లిపులు. మా అందరికీ కలిపి ఉన్న అక్షరాలంటూ ఉంటే అవి ఈ బొమ్మలే.

అత్త రోజూ తెల్లవారి లేస్తూనే ఇంటి గ్రూపులో ఒక పువ్వు బొమ్మ పెడుతుంది. లేచినాను, బాగున్నాను, కాఫీ తాగుతాండాను అని దానర్థం. ఏడు గంటలకల్లా పువ్వు రాకపోతే పిల్లలు బెంగళూరు నుంచి ఫోను చేస్తారు. ఒక్క పువ్వు ఎంత పని చేస్తోందో చూడండి! దాన్ని పంపే మనిషికీ చూసే మనుషులకూ దానర్థం ఒకటే. నేను మెచ్చుకునే పొట్టి మాట అంటే అది. చదువు తక్కువైన వాళ్ళకు, కళ్ళు సరిగా ఆనని వాళ్ళకు, వేళ్ళు వణికే వాళ్ళకు బొమ్మ ఒక ఊతం. వాళ్ళు బొమ్మ పంపితే అది తీరిక లేక పంపింది కాదు, చేతనైనంతా కూడగట్టుకుని పంపింది.

బొటనవేలి సంగతి వేరు. మన ఇళ్ళలో కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊకొట్టాల. ఊకొట్టకపోతే అవ్వ కథ ఆపేసేది, "నిద్రపోతివా ఏమి?" అని అడిగేది. ఆ 'ఊ' ఒక్క అక్షరమే. కానీ అందులో ఎన్ని రకాలు! భయపడిన ఊ వేరు, నమ్మని ఊ వేరు, తర్వాతేమైంది అన్న ఊ వేరు, నిద్రలోకి జారుతున్న ఊ వేరు. అవ్వ ఆ తేడా పట్టుకుని కథ వేగం పెంచేది, తగ్గించేది. బొటనవేలికి ఈ రకాలేవీ లేవు. చదివారా, ఒప్పుకున్నారా, విసుక్కున్నారా, మాట ముగించమంటున్నారా, ఏదీ తేలదు. అటువైపు పిల్లవాడు ఒక్క క్షణంలో నొక్కేసి పనిలో పడతాడు. ఇటువైపు తల్లి ఆ బొమ్మను మూడుసార్లు తెరిచి చూస్తుంది. "కోపమొచ్చిందా వీడికి? డబ్బుల సంగతి ఎత్తింటే బాగుండేది కాదేమో" అని సాయంత్రమంతా అదే ఆలోచన. ఖర్చు ఎవరిదో తెలిసింది కదా?

ఒకే గుర్తుకు తరానికో అర్థం ఉండటం ఇంకో చిక్కు. పుర్రె బొమ్మ పంపితే పిల్లల లెక్కలో "నవ్వలేక చచ్చిపోయినా" అని. పెద్దవాళ్ళకు పుర్రె అంటే పుర్రే. కన్నీళ్ళు కారే మొహం కదా అని చావు కబురు కింద నవ్వుతూ ఏడ్చే బొమ్మ పెట్టే పెద్దవాళ్ళుంటారు. చూసి పిల్లలు నవ్వుకుంటారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. 'ఎల్ఓఎల్' అంటే గట్టిగా నవ్వడం అని తెలియక 'బోలెడంత ప్రేమ' అనుకుని వాడినవాళ్ళలో ఇంగ్లండు ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ కూడా ఉన్నాడు. 2012లో అక్కడి పత్రికల మీద జరిగిన విచారణలో ఆ సంగతి బయటపడింది. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చిన ప్రధానమంత్రికే తెలియనిది మన అత్తలకు తెలియకపోతే తప్పేముంది?

అయితే కొన్ని చోట్ల పొట్టి మాట నవ్వుతో పోదు. మొదటిది డబ్బు. పొదుపు సంఘాల గ్రూపులే తీసుకోండి. "ఈ నెల కంతు ఇంత, ఫలానా తేదీకి కట్టాల, కొత్త అప్పు ఫలానా ఆమెకు ఇస్తాన్నాము" అని లీడరు పెడుతుంది. కింద వరసగా బొటనవేళ్ళు. రేపు గొడవ వస్తే "చూసినానని పెట్టింటి, ఒప్పుకున్నానని కాదు" అంటారు. కెనడా దేశంలో సరిగ్గా ఇదే జరిగింది. అవిసె గింజలు కొనే వ్యాపారి ఒక రైతుకు ఒప్పంద పత్రం ఫొటో తీసి పంపి ఖాయం చేయమన్నాడు. రైతు బొటనవేలు పెట్టాడు. తర్వాత గింజలు ఇవ్వలేదు. కాగితం చేరిందని చెప్పడానికే పెట్టినానని రైతు, ఒప్పుకున్నాడని వ్యాపారి. 2023లో సస్కాచివన్ రాష్ట్రం కోర్టు ఆ బొటనవేలు సంతకంతో సమానమేనని తేల్చి, 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. 2024లో పై కోర్టు కూడా అదే మాట అంది. మన దగ్గర సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేసేవాళ్ళు కదా, ఇది ఇంకుతో పని లేని వేలిముద్ర అనుకోండి. డబ్బు సంగతి వచ్చినప్పుడు "నేను ఒప్పుకుంటున్నాను", "నేను చదివాను, ఇంకా చెప్పలేదు" అని మాటల్లో రాయమని సంఘంలో నియమం పెట్టుకోవడం మంచిది. రాయడం రాకపోతే గొంతుతో చెప్పి పంపొచ్చు.

రెండోది మందు. డాక్టర్లు చీటీ మీద రాసేవి కూడా పొట్టి మాటలే. 'బీడీ' అంటే రోజుకు రెండుసార్లు, 'టీడీఎస్' అంటే మూడుసార్లు, 'ఓడీ' అంటే ఒకసారి. మొదటి రెండూ లాటిన్ భాష నుంచి వచ్చినవి. అదే 'ఓడీ' కంటి డాక్టరు చీటీలో ఉంటే కుడికన్ను అని అర్థం. ఇవి డాక్టరుకూ మందుల షాపు మనిషికీ మధ్య నడిచే గుర్తులు. వాళ్ళిద్దరికీ తెలుసు కాబట్టి వాళ్ళకు సరిపోతాయి. కొడుకు ఆ చీటీని ఫొటో తీసి "ఇట్ల వేసుకోమ్మా" అని పంపితే తల్లికి ఏం తెలుస్తుంది? మనకు బీడీ అంటే తాగే బీడీయే. "తెల్లమాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, సంగటి తిన్నాక" అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక నిమిషం. ఆ నిమిషం ఆదా చేస్తే మాత్ర పొరపాటు పడేది తల్లికి.

మూడోది చావు. గ్రూపులో ఒక మరణవార్త వస్తుంది. కింద 'ఆర్ఐపీ', 'ఆర్ఐపీ', జోడించిన చేతులు, మళ్ళీ చేతులు. ఇరవై చేతుల కింద ఎవరో పొద్దున్నే శుభోదయం బొమ్మ, గులాబీలతో. మన వైపు చావు జరిగిన ఇంటికి పోవడాన్ని పలకరించి రావడం అంటాం. పలుకు అన్న మాట అందులోనే ఉంది. పోయి కూర్చుంటాం. ఒక్కోసారి పలికేది ఏమీ ఉండదు, చేయి పట్టుకుని కూర్చుని లేచొస్తాం. అదైనా పలకరింపే, ఎందుకంటే మనిషి కదిలి వచ్చింది. దూరంలో ఉండి పోలేనివాళ్ళు ఉంటారు, నిజమే. వాళ్ళు రెండు వాక్యాలు రాయొచ్చు. పోయిన మనిషిని తలుచుకుని, ఆ మనిషి తమకు పెట్టిన ఒక ముద్దనో, చెప్పిన ఒక మాటనో రాయొచ్చు. మొగుడు పోయిన ఆడమనిషి పదకొండు రోజులు గడిచాక, చుట్టాలంతా పోయాక, ఒంటరిగా కూర్చుని ఆ ఫోను తెరుస్తుంది. ఇరవై జతల చేతుల్లో ఏ చేయి ఎవరిదో ఆమెకు గుర్తుండదు. ఆ రెండు వాక్యాలు మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంది.

నాలుగోది అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది. కొత్తగా పెళ్ళయి పోయిన ఆడపిల్ల సంగతి. "ఎట్లున్నావమ్మా?" అని తల్లి అడుగుతుంది. నవ్వు మొహం వస్తుంది. ఇంకోసారి అడిగితే రెండు నవ్వు మొహాలు, ఒక గుండె. తల్లి సంతోషపడి ఫోను పక్కన పెడుతుంది. ఇదే గొంతులో "బాగున్నానమ్మా" అని ఉంటే ఆ అన్న తీరులోనే సగం తెలిసేది. గొంతు వణికితే తెలుస్తుంది, మాట మధ్యలో ఆగితే తెలుస్తుంది, మరీ హుషారుగా అన్నా తెలుస్తుంది. బొమ్మ వణకదు. ఫోను పక్కన ఇంకెవరు నిలబడి చూస్తున్నారో కూడా చెప్పదు. అసలు ఆ నవ్వు పంపింది మన పిల్లేనా అన్నది కూడా చెప్పదు. నా మాట విని ఆడపిల్లల తల్లులు ఒక పని చేయండి. వారంలో ఒక్కసారైనా పిల్ల గొంతు వినండి, వీలైతే ఆమె ఒంటరిగా ఉన్న వేళ చూసి. ఇద్దరికే తెలిసిన గుర్తు ఒకటి పెట్టుకోండి. ఫలానా బొమ్మ వస్తే ఏ వేళైనా ఫోను చేయాల, ఇంకో బొమ్మ వస్తే బయల్దేరి రావాల అని. పొట్టి మాట వల్ల మంచి జరగాలంటే ఇట్లాంటి చోట జరగాల.

పిల్లల వైపు నుంచి కూడా చెప్పకపోతే అన్యాయం. గార్మెంట్స్‌లో పనిచేసే పిల్లకు మధ్యాహ్నం తిండికి దొరికేది కాసింత సేపు. కొన్ని చోట్ల ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. ఆ కాసింత సేపట్లో చేయి కడుక్కుని 'కె' అని కొట్టిందంటే అది నిర్లక్ష్యం కాదు, ఉన్న తీరికలో అమ్మకు తీసిపెట్టిన వాటా. అదే పిల్ల ఆదివారం మంచం మీద పడుకుని మూడు గంటలు రీల్స్ చూస్తూ 'కె' అని కొడితే దాని బరువు వేరు. అక్షరం ఒకటే అయినా ఎవరు, ఎప్పుడు, ఎంత తీరికలో పంపారన్నది చూసి కోపం తెచ్చుకోవాల. ఇంక పిల్లలు తమలో తాము వాడుకునే పొట్టి మాటల జోలికి పోవాల్సిన పని మనకు లేదు. మనం చిన్నప్పుడు మాటల మధ్యలో 'క' చేర్చి పెద్దవాళ్ళకు అర్థం కాకుండా మాట్లాడుకున్నాం కదా. వాళ్ళకూ వాళ్ళ 'క' భాష ఉండనీ. ఎస్సెమ్మెస్‌ల వల్ల ఇంగ్లీషు నాశనమైపోతోందని అక్కడి వాళ్ళు గగ్గోలు పెట్టినప్పుడు డేవిడ్ క్రిస్టల్ అనే భాషా శాస్త్రవేత్త 2008లో దాని మీదే ఒక పుస్తకం రాసి, ఆ భయానికి ఆధారం లేదని చెప్పాడు. తెలుగూ అంత తేలిగ్గా పోయే భాష కాదు. 'మ.రా.రా.శ్రీ'ని తట్టుకున్న భాష 'హెచ్‌బీడీ'ని తట్టుకోలేదా!

మరి ఇంట్లో ఏం చేయాల? "ఏందిరా ఈ బొమ్మలు" అని తిడితే బొమ్మలు కూడా రావు. మా ఇంట్లో మేము పెట్టుకున్న పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి. అమ్మ, అవ్వ గొంతులో అడిగితే గొంతులోనే జవాబు చెప్పాల, ఎంత చిన్నదైనా సరే. "తిన్నా అవ్వా, పులుసు బాగుండ్లా" అన్నా చాలు. అవ్వకు అది రోజంతా సరిపోతుంది, ఆ పులుసులో ఏం తక్కువైందో చెప్పడానికి ఇంకోసారి ఫోను కూడా చేస్తుంది. అర్థం కాని బొమ్మ వస్తే పెద్దవాళ్ళు సిగ్గుపడకుండా "ఇదేమి?" అని అడగాల, పిల్లలు నవ్వకుండా చెప్పాల. డబ్బు, మందు, చావు, ఒంటి కష్టం ఈ నాలుగు సంగతుల్లో మాత్రం బొమ్మ ఒక్కటే పెట్టి వదిలేయకూడదు. బొమ్మ పక్కన మాట ఉండాల. ఫాల్మన్ అనే ఆయన మొదట చెప్పిందీ అదే కదా.

ఈ పద్ధతి పెట్టుకున్నాక అత్తకు ఒక కొత్త పని తగిలింది. మనవరాలు కన్నడ అక్షరాలు నేర్పమని అడుగుతోంది. వారానికి నాలుగు అక్షరాలు, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపిస్తుంది అత్త. పిల్ల వాటిని దిద్ది తిరిగి పంపుతుంది, వంకరటింకరగా. మొన్న మొదటిసారి పూర్తి మాట ఒకటి రాసింది, 'ఊట' అని. అన్నం తిన్నావా అని అడగడానికి ఇంకో మాట కావాల, అది వచ్చే వారం పాఠమట.